మార్చి చెప్పిన మాట

"ఒక్క ముక్క! నోరు తెరిచి ఒక్క ముక్క అనడానికి నీకేం పోయేకాలం వచ్చిందే?"

భర్త కంచాన్ని ముందుకు తోశాడు. అది బల్ల అంచుదాకా జారి ఆగింది. ఆమె దాన్ని వెనక్కి లాగలేదు. మామూలు రోజైతే లాగేది, తిండి మీద అలకేమిటని బతిమాలేది కూడా. ఇవాళ గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది.

"నిన్ను తుపాకీ పట్టుకుని పొమ్మన్నారా? యుద్ధం వస్తే అన్నారు. వస్తే! రేపు ఆకాశం ఊడిపడితే ఎటు పరిగెత్తుతావని అడిగినా నువ్విలాగే కూర్చుని ఆలోచిస్తావా?"

"ఆకాశం మా తమ్ముడు కాదుగా."

కిటికీ దగ్గర కుర్చీలో ఉన్న అత్తగారికి నవ్వు వచ్చింది. కొడుకు మొహం చూసి ఆ నవ్వుని దగ్గు కింద మార్చేసుకుంది.

పౌరసత్వాల ఆఫీసుకి వెళ్ళి వచ్చిన రోజు నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. ఒకే పూట, పక్కపక్క గదుల్లో, మొగుడినీ పెళ్ళాన్నీ ఒకే ప్రశ్న అడిగారు. మీరు పుట్టిన దేశానికీ మా దేశానికీ యుద్ధం వస్తే మీరు ఎవరి పక్షం? అతను సిటీ బస్సు డ్రైవరు. ఎదురుగా ఎవరు నిలబడి ఏమడిగినా తడుముకోకుండా జవాబు చెప్పడం అతనికి అలవాటు. "మీ పక్షమే, అందులో అనుమానమేముంది?" అని, పైగా చెయ్యి కలిపి మరీ వచ్చాడు. ఆమె మాత్రం చాలాసేపు తల వంచుకు కూర్చుని, "మా తమ్ముడు అక్కడ సిపాయండీ. వాడు ఓడిపోవాలని నేను కోరుకోలేను. మీరు ఓడిపోవాలనీ కోరుకోలేను," అంది. అధికారి మొదటి సగమే రాసుకుంది.

అతని ప్రమాణానికి రోజు ఖాయం చేశారు. ఆమెది ఆపేశారు. ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నారు. జవాబు మార్చుకోవాలంటే ఒక్కసారి అవకాశం ఇస్తామన్నారు.

అంతవరకే అయితే ఎలాగో సర్దుకునేవాళ్ళు. ఇవాళ మధ్యాహ్నం కూతురికి ఫోను వచ్చింది.

కూతురు ఇక్కడే పుట్టింది. తల్లీతండ్రీ వరసలో నిలబడి అడుక్కుంటున్నది ఆ పిల్లకి పుట్టుకతోనే దక్కింది. పటాలు గీయడం చదువుకుంది. సైన్యానికి పటాలు తయారు చేసే ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. చేరడానికని కొత్త బూట్లు కూడా కొనుక్కుంది. ఇప్పుడు ఆ ఆఫీసువాళ్ళు, "మీ అమ్మగారి సంగతి తేలేదాకా చేరొద్దు," అన్నారు. అప్పటి నుంచి ఆ పిల్ల గదిలోంచి బయటికి రాలేదు.

"దాని నోటి దగ్గర కూడు లాగేశావు," అన్నాడు భర్త. "ఎవరి కోసం? పండక్కో పబ్బానికో ఫోను చేసి, 'అక్కా, బాగున్నావా' అని పెట్టేసే తమ్ముడి కోసం."

"వాడి కోసం కాదు."

"మరి?"

"అడిగింది నన్ను. నాకు తెలిసింది చెప్పాను."

"అంటే నేను అబద్ధం చెప్పాననా?"

"మొన్న రెండు దేశాల ఆట చూస్తున్నప్పుడు ఎవరు గెలిస్తే కుర్చీ ఎక్కి గంతులేశారు?"

అతని మొహం ఎర్రబడింది. "ఆట వేరు."

"పొద్దున లేస్తే ఇక్కడి చలిని తిడతారు. రోడ్లని తిడతారు. పన్నులు తిడతారు. వీళ్ళకి మనసు లేదంటారు, మర్యాద లేదంటారు. అక్కడికెళ్ళి మీ పక్షమే అన్నారు. ఇన్నేళ్ళలో ఈ ఊరిని నేను ఒక్క మాట అని ఎరగను. నాది ఆగిపోయింది."

"అందుకే చెబుతున్నా. మాట ఎంత చవకో నీకు తెలీదు." అతను గొంతు తగ్గించాడు. కోపం కంటే ఆ తగ్గించడమే ఆమెకి ఎక్కువ గుచ్చుకుంది. "దేశం నీ మనసు అడగలేదే పిచ్చిదానా. మాట అడిగింది. ఇస్తే పోతుంది."

ఎదురింట్లో ఎవరో రేడియో పెట్టారు, మళ్ళీ కట్టేశారు.

"నన్నూ అడిగారులే," అంది అత్తగారు, ఉన్నట్టుండి. "కాపురానికి వచ్చిన కొత్తలో. 'మీ నాన్నకీ నాకూ గొడవ వస్తే నువ్వెటు కోడలా?' అన్నాడు మా మామగారు, నలుగురిలో."

"ఏమన్నారు అత్తయ్యా?"

"పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి మామయ్యా అని లేచి వచ్చేశాను. ఆ పాలు నేనసలు పొయ్యి మీద పెట్టనేలేదు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడే మళ్ళీ అందుకుంది, ఈసారి మెల్లగా.

"తర్వాత నిజంగానే గొడవ వచ్చింది. మా నాన్న గుమ్మంలో నిలబడి నన్ను పేరు పెట్టి పిలిచాడు. నేను లోపలి గదిలోంచి రాలేదు. ఆయన్ని మళ్ళీ చూడలేదు. ముందే ఏదో ఒకటి అనేస్తే మంచిదో, అనకుండా ఉంటే మంచిదో, నాకిప్పటికీ తెలీదమ్మాయ్."

"అమ్మా, నువ్వు కూడానా!" అన్నాడు కొడుకు.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. కూతురు వచ్చి గుమ్మంలో నిలబడింది. కళ్ళు వాచి ఉన్నాయి కానీ గొంతులో వణుకు లేదు.

"నాన్నా, నువ్వు కాసేపు ఆగు. అమ్మా, నువ్వు మాట మార్చి చెప్పొద్దు."

తండ్రి నోరు తెరిచాడు. "ఏంటీ?"

"మాట మార్చొద్దు. నువ్వు మారు," అంది కూతురు, తల్లి కళ్ళల్లోకి చూస్తూ. "నువ్వు ఇక్కడికొచ్చి నా వయసు కంటే ఎక్కువైంది. నాకు జబ్బు చేస్తే కాపాడిన డాక్టరు ఇక్కడివాడు. నువ్వు చేసిన కట్టుడు పళ్ళతో తినేవాళ్ళు ఇక్కడివాళ్ళు. నేను ఇక్కడిదాన్ని. ఇదంతా నీది ఇంకా ఎప్పుడవుతుంది? ఇన్నాళ్ళూ నువ్వు ఒక కాలు గుమ్మం బయటే పెట్టుకున్నావు. నేను పుట్టాక కూడా లోపలికి తీసుకోలేదు. అది నాకు ఇవాళ తెలిసింది. నేను ఏడ్చింది ఉద్యోగం కోసమనుకుంటున్నారేమో మీరంతా."

"మీ మామయ్య..."

"మామయ్యని నేను ఫోటోలో చూశాను. రేపు ఆయన తుపాకీ పట్టుకుని ఈ వీధి చివర నిలబడితే, ఇంట్లో నేనుంటే, అప్పుడు కూడా ఆయన ఓడిపోవాలని కోరుకోలేవా?"

అధికారి దేశాల గురించి అడిగింది. దేశాల గురించి అడిగితే ఆమెకి జవాబు తెలుసు. ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు.

కూతురు జవాబు కోసం కాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్ళి తలుపు చప్పుడు కాకుండా మూసుకుంది. విసిరి కొట్టినా బాగుండేది.

*

మర్నాడు ఆమె పనిలోకి వెళ్ళింది. ఆమె పని కట్టుడు పళ్ళు చెయ్యడం. పళ్ళ ఆసుపత్రి వెనక సందులో ఒక పొడుగాటి గది. తలుపు తీస్తే ముందు ప్లాస్టరు పొడి ముక్కుకి తగులుతుంది. గోడల నిండా అరలు, అరల నిండా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు, తెల్లటి అచ్చులుగా తెరుచుకుని. ముసలివాళ్ళలో సగం మంది మా అమ్మ చేసిన పళ్ళతోనే నవ్వుతారని కూతురు చిన్నప్పుడు బళ్ళో గొప్పలు చెప్పుకునేది.

ఆ గదికి పెద్ద ఇక్కడే పుట్టి పెరిగిన ఒక పెద్దాయన. ఆమెకి పని నేర్పింది ఆయనే. ఈ దేశపు భాష రెండు ముక్కలు రాని రోజుల్లో ఒక్కొక్క పన్నూ చూపించి పేరు చెప్పేవాడు. ఆ భాషలో ఆమె మొట్టమొదట నేర్చుకున్న మాట 'నమలండి'. ఆయనకి 'బాబాయ్' అనే పిలుపు ఆమె నేర్పింది. అర్థం అడిగి తెలుసుకుని, సరేనని తల ఊపాడు. పౌరసత్వానికి ఆమె తరఫున హామీ ఇచ్చింది కూడా ఆయనే.

ఆ పొద్దున ఆయన ఆమె వచ్చినట్టు గమనించనట్టే ఉన్నాడు. చేతిలో ఎవరివో పై వరస పళ్ళు. మిషను మీద చిగుళ్ళ అంచు అరగదీస్తున్నాడు.

"నిన్న నాకూ ఫోను చేశారు," అన్నాడు, తల ఎత్తకుండా. "ఇచ్చిన హామీ మీద ఇంకా నిలబడతావా అని."

"ఏమన్నారు బాబాయ్?"

"నిలబడతానన్నాను."

ఆమె గుండెల మీద బరువు కాస్త దిగింది. కానీ ఆయన అరగదీయడం ఆపలేదు. అరగవలసినదానికంటే ఎక్కువే అరుగుతోంది.

"మా వాడు పోయినప్పుడు నువ్వు మా ఇంటికొచ్చి వండి పెట్టావు. మా ఆవిడ తల నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. అది గుర్తుండే నిలబడతానన్నాను. కానీ అమ్మాయ్, రాత్రి నాకు కన్ను మూతపడలేదు."

ఆయన ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో చేరి, ఏదో సరిహద్దులో పోయాడు. ఆ సంగతి ఈ గదిలో ఎవరూ ఎత్తరు. ఇవాళ ఆయనే ఎత్తాడు.

"నేనేమన్నానో వాళ్ళు మీకు చెప్పారా?"

"చెప్పారు. తమ్ముడు ఓడిపోవాలని కోరుకోలేనన్నావట."

"మీరు ఓడిపోవాలనీ కోరుకోలేనన్నాను. అది చెప్పలేదా?"

"లేదు." మిషను కట్టేశాడు. గది ఒక్కసారిగా మూగబోయింది. "చెప్పినా నా బాధ తీరేది కాదు. మా వాడు అక్కడ నిలబడినప్పుడు వాడి వెనకాల ఎవరెవరు ఉన్నారనుకుని ఉంటాడు? నేను, మా ఆవిడ, ఈ సందు, ఈ గది. నువ్వు కూడా. నీ చేతి తిండి తిన్న పిల్లాడు వాడు. నీ కోసం కూడా నిలబడ్డాడు. ఎదుటివాడెవరని వాడు అడగలేదు. నువ్వేమో ఎదుటివాడెవరో చూసి చెబుతానంటున్నావు."

"ఎదుటివాడు నా తోడబుట్టినవాడు బాబాయ్."

"ప్రతివాడూ ఎవరికో ఒకరికి తోడబుట్టినవాడే."

ఆమె తన బల్ల ముందు కూర్చుంది. మైనం కరిగించే దీపం వెలిగించింది. చేతులు పనిలో పడ్డాయి కానీ మనసు పడలేదు. ఉండబట్టలేక అడిగేసింది.

"మీరైతే ఏం చెప్పేవారు? పొట్ట చేతపట్టుకుని మీరే మా దేశం వచ్చి ఉంటే? అక్కడివాళ్ళు మిమ్మల్ని ఇలా కూర్చోబెట్టి అడిగి ఉంటే?"

"నేను వచ్చి ఉండేవాణ్ణి కాదు."

మాట చాలా గరుకుగా వచ్చింది. అన్న తర్వాత ఆయనే ఉలిక్కిపడ్డాడు. చేతిలో పళ్ళు కింద పెట్టి, తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుని, మళ్ళీ తుడుచుకున్నాడు.

"అది ఆకలి తెలియనివాడి మాట. మర్చిపో."

"మర్చిపోతాను బాబాయ్."

మధ్యాహ్నం తిండి వేళకి పెద్దాయన రోజూ తన రొట్టె విరిచి సగం ఆమె వైపు జరిపేవాడు. ఆమె తన డబ్బాలోది ఆయనకి పెట్టేది. ఇవాళ ఆయన తన బల్ల దగ్గరే, గోడ వైపు తిరిగి తిన్నాడు. నమిలే చప్పుడు ఆమెకి వినబడుతూనే ఉంది. ఆయన మంచివాడు. అందుకే ఆమెకి ఎక్కడ కోపగించుకోవాలో తెలియలేదు. చెడ్డవాడు ఎవడో 'మీ దేశం పొండి' అని అరిచి ఉంటే, ఇంటికెళ్ళి నాలుగు తిట్లు తిట్టి నిద్రపోయేది.

సాయంత్రం ఇంటికి రాగానే చెప్పులైనా విప్పకుండా భర్తతో అంది, "రేపు ఆఫీసుకి వెళదాం."

అతని మొహం వెలిగింది. "అది! అదీ మాటంటే. నవ్వుతూ చెప్పు. నవ్వుతూ చెబితే రెండో ప్రశ్న అడగరు."

గదిలోంచి కూతురు గొంతు వినిపించింది. "నేనూ వస్తాను."

*

అధికారి నడివయసు మనిషి. మెడకి ఉన్ని కండువా చుట్టుకుంది. జలుబు చేసినట్టుంది, బుగ్గలో ఏదో బిళ్ళ పెట్టుకుని చప్పరిస్తోంది. ఇంట్లోవాళ్ళు ఒకరు లోపల కూర్చోవచ్చంది. భర్త లేవబోయాడు. కూతురు అంతకంటే ముందే లోపలికి వెళ్ళి గోడవారగా కూర్చుంది. అతను వరండాలోనే ఉండిపోయాడు.

"మీరు మొదటిసారి చెప్పింది విని నాకేం కోపం రాలేదు," అంది అధికారి. ఆమె గొంతులో నిజంగానే కోపం లేదు. "చాలామంది ఆలోచించకుండా ఔనంటారు. వాళ్ళని నేను ఆపలేను. ఆలోచించి కాదన్నవాళ్ళని మాత్రం తీసుకోలేను. ఈ కుర్చీలో ఉన్న ఇబ్బంది అది."

"నేను కాదనలేదండీ."

"ఔననలేదు కూడా."

గోడవార కుర్చీ కిర్రుమంది. కూతురు ముందుకి వంగి కూర్చుంది.

"సరే, మళ్ళీ అడుగుతాను. మీరు పుట్టిన దేశానికీ ఈ దేశానికీ యుద్ధం వస్తే?"

"రాకూడదండీ."

"అది కోరిక. నేను అడిగింది జవాబు."

ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళ సందుల్లో ప్లాస్టరు తెల్లగా ఉంది. ఎంత తోమినా పోదు. ఈ ఊరు తనకి ఏమిచ్చిందో ఆమెకి తెలుసు. పని ఇచ్చింది, పిల్లనిచ్చింది, వీధిలో తల ఎత్తుకుని నడిచే నిబ్బరం ఇచ్చింది. దానికి తానేమిచ్చిందో కూడా తెలుసు. ఇచ్చిపుచ్చుకోవడాల్లో ఎప్పుడూ తేడా రాలేదు. ఇన్నాళ్ళకి తేడా వచ్చిందల్లా ఈ ఒక్క మాట దగ్గరే.

"మీ పక్షమండీ," అంది.

అధికారి కలం ఎత్తి, రాయకుండా ఆగింది. "మీ పక్షం కాదు." మెత్తగానే అంది, పలకమీద తప్పు దిద్దినట్టు. "మీ పక్షమంటే మీరింకా బయటే ఉన్నట్టు. మన పక్షం అనాలి."

మన. ఎంత చిన్న మాట! ఆమె ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అనదు? మన వీధి అంటుంది, మన బస్సు అంటుంది, మన పెద్దాయన అంటుంది. ఎవరూ అడక్కుండా అన్నన్నాళ్ళూ అది ఊపిరి తీసినంత తేలిగ్గా వచ్చేది.

"మన పక్షం," అంది.

"మీ తమ్ముడు ఎదురుగా నిలబడినా?"

తమ్ముడిని ఆమె చంకనెత్తుకుని తిప్పింది. చెవిపోటు వచ్చి వాడు ఏడుస్తుంటే, వాడి చెవి తన మెడకి ఆనించుకుని వాకిట్లో పచార్లు చేసింది. ఇప్పుడు వాడి జుట్టు నెరిసింది. సిపాయిగానే చేరాడు, సిపాయిగానే ఉన్నాడు. పై మెట్టు ఎక్కే తెలివితేటలు వాడికి లేవు. యుద్ధమంటూ వస్తే ముందు వరసలో నిలబెట్టేది అలాంటివాళ్ళనే.

ఆమె కూతురి వైపు చూసింది. ఆ పిల్ల కళ్ళల్లో ఎంత ఆశ ఉందంటే, చూడలేక తల తిప్పుకుంది.

"నిలబడినా," అంది.

అధికారి ఈసారి ఒక్క అక్షరం వదలకుండా రాసుకుంది. రాసి, నవ్వి, లేచి చెయ్యి చాపింది. "అభినందనలు. మీవారితో పాటే మీకూ రోజు ఖాయం చేస్తాం. మీ అమ్మాయి ఆఫీసుకి ఇవాళే కబురు పంపిస్తాను."

ఆమె చెయ్యి కలిపింది. నోరంతా ప్లాస్టరు పోసినట్టు బిగుసుకుపోయింది.

*

వరండాలో భర్త చిన్నపిల్లాడిలా గంతులేసినంత పని చేశాడు. "చెప్పానా! ఎంతసేపు పట్టింది? దీనికి ఇన్నాళ్ళ రాద్ధాంతం!" అని, ముగ్గురికీ కాఫీలు తెస్తానని రోడ్డు దాటి వెళ్ళాడు.

తల్లీకూతుళ్ళు ఆఫీసు ఆవరణలో బెంచీ మీద కూర్చున్నారు. ఎదురుగా ఒక తోటపనివాడు పైపుతో మొక్కలకి నీళ్ళు పెడుతున్నాడు. కూతురు ఆ నీళ్ళకేసి చూస్తూ అడిగింది.

"నిజంగానే అన్నావా అమ్మా?"

"అన్నానుగా. విన్నావుగా."

"విన్నాను. నిజంగానే అన్నావా?"

"నీ ఉద్యోగం నీకొస్తుంది. ఇంకేం కావాలి?"

"అమ్మా!"

ఆమె ఈ పిల్లని అబద్ధం చెబితే ఒప్పుకోకుండా పెంచింది. చిన్నప్పుడు ఆ పిల్ల గాజు గ్లాసు పగలగొట్టి దాచేసి, పిల్లి పగలగొట్టిందన్నందుకు ఒక పూటంతా దానితో మాట్లాడలేదు. అలా పెంచినదాని ముందు కూర్చుని ఇప్పుడు ఎటు చూడాలో తెలియలేదు.

"లేదు," అంది చివరికి. "మీ నాన్న చెప్పినట్టే చేశాను. మాట అడిగారు. ఇచ్చేశాను."

కూతురు కళ్ళు మూసుకుంది. "నేను మారమన్నాను."

"మారడమంటే ఏమనుకున్నావు, చీర మార్చుకోవడమా? నేను ప్రయత్నించలేదనుకున్నావా? నువ్వు అడిగిన ప్రశ్న నన్ను నిలవనిచ్చిందా? దానికి జవాబు దొరికింది కూడా. మీ మామయ్య తుపాకీతో ఈ వీధి చివర నిలబడి, నువ్వు ఇంట్లో ఉంటే, నేను తలుపు మూసి దానికి అడ్డంగా నిలబడతాను. నన్ను చంపితే కానీ వాడు నీ దాకా రాలేడు. అంతవరకూ ప్రమాణం చేసి చెబుతాను. కానీ వాడిమీదికి నేను వెళ్ళను. వాడు చస్తే సంబరపడను. అది ఎవరి పక్షమో నాకు తెలీదు. ఇదీ నా మనసులో ఉన్నది."

"ఇది లోపల చెప్పాల్సింది."

"చెబితే రాసుకునేదా?"

పైపు నీళ్ళు దారి మీదికి పారుతున్నాయి. ఆ పిల్ల అరచేతులతో మొహం తుడుచుకుని తల్లి వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. కోపమైతే ఆమె తట్టుకోగలిగేది.

"పొద్దున మళ్ళీ ఫోను వచ్చిందమ్మా, పటాల ఆఫీసు నుంచి. నీ విషయం తేలితే రేపు నన్ను పిలుస్తామన్నారు. నాతో కూడా ప్రమాణం చేయిస్తారు. ఇంట్లోవాళ్ళ మనసులు ఎలాంటివో, నీకు తెలిసినంతవరకూ చెప్పు అంటారు. మీ అమ్మ మాట మార్చింది కదా, నిజంగానే మారిందా అని తప్పకుండా అడుగుతారు."

ఆమె కూతురి వైపు పూర్తిగా తిరిగింది.

"ఇంతకుముందుదాకా నాకు తెలీదు," అంది కూతురు. "తెలీదని నిజాయితీగా చెప్పగలిగేదాన్ని. ఇప్పుడు తెలిసిపోయింది. ఎందుకు చెప్పావమ్మా?"

"నువ్వు అడిగావు."

"అడిగితే చెప్పేస్తావా? అంత పెద్ద అబద్ధం వాళ్ళతో ఆడగలిగినదానివి, నాతో ఒక్కటి ఆడలేకపోయావా?"

ఆమె కూతురి చెయ్యి పట్టుకోబోయింది. పట్టుకుని ఏమనాలి? నాకోసం అబద్ధం చెప్పమనాలా? నిజం చెప్పి, నీ ఉద్యోగం, నా పౌరసత్వం, పెద్దాయన హామీ, అన్నీ నీళ్ళపాలు చెయ్యమనాలా? చాచిన చెయ్యి బెంచీ మీదే ఆగిపోయింది.

"ఏంటిది! తల్లీకూతుళ్ళిద్దరూ ఎవరో పోయినట్టు కూర్చున్నారు?" భర్త మూడు కాఫీలూ ఒడిసిపట్టుకుని, ఒలికించకుండా, నవ్వుతూ వచ్చాడు. "పనైపోయింది కదే! తీసుకో, వేడిగా ఉంది."

కూతురు కప్పు అందుకుంది. తాగలేదు. లేచి నిలబడి కండువా సర్దుకుంది.

"రేపు నేను పటాల ఆఫీసుకి వెళ్ళాలి నాన్నా."

"ఇంకేం మరి! పొద్దున నా బస్సులోనే దింపుతాను. మీ అమ్మ కూడా వస్తుంది."

"వద్దు. నేను ఒక్కదాన్నే వెళతాను."

"ఒక్కదానివే వెళ్ళి ఏం మాట్లాడతావు అంత పెద్దవాళ్ళతో?" అన్నాడతను సరదాగా.

తల్లి తల ఎత్తి చూసింది. కూతురు ఆమె వైపు చూడలేదు.

"అడిగినదానికి జవాబు చెబుతాను," అంది.